ప్లాను ఒకటి, కట్టింది ఒకటి

(మాదాపూర్‌లో ఒక ఆదివారం ఉదయం సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు దయచేసి ముందుకు రండి, మొదటి వరుస మొత్తం ఖాళీగా ఉంది. పెళ్ళిలో భోజనాల దగ్గర తప్ప మనవాళ్ళు మొదటి వరుసలో కూర్చోరని నాకు తెలుసు. అయినా రండి.

ముందుగా ఒక ప్రశ్న. మీలో సొంత ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సంతోషం. మీ అపార్ట్‌మెంటుకు కార్పొరేషన్ మంజూరు చేసిన ప్లానును కళ్ళతో చూసినవాళ్ళు? అప్పుడే సగం చేతులు దిగిపోయాయి. సరే, చివరి ప్రశ్న. ఆ ప్లానులో ఉన్నది ఉన్నట్టుగా మీ భవనం కట్టారని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాళ్ళు? ఒక్కరూ లేరు. మూడో వరుసలో అమ్మగారు ఎత్తబోయి ఆగిపోయారు.

ప్లానులో అయిదంతస్తులుంటాయి. తలెత్తి చూస్తే పైన పెంట్‌హౌస్ కనిపిస్తుంది. ప్లానులో కింద అంతా పార్కింగే. వెళ్ళి చూస్తే ఒక మూల వాచ్‌మన్ కుటుంబం, ఇంకో మూల ఇస్త్రీ బల్ల. పక్కన ఖాళీగా వదలాల్సిన చోట జనరేటర్ కూర్చుని ఉంటుంది. వీటికి మన ఊళ్ళో అందరూ వాడే మాట డీవియేషన్. ఇవి ఎంత పెరిగిపోయాయంటే, 2015లో ప్రభుత్వం బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ అని ఒక పథకం పెట్టి, రుసుము కట్టండి, క్రమబద్ధం చేస్తాం అంది. పొట్టిగా బీఆర్ఎస్ అనేవారు. తర్వాత వచ్చిన పార్టీ పేరుకూ దీనికీ సంబంధం లేదు, నవ్వకండి.

ఇప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి మీరేననుకోండి. ప్లాను చేతిలో ఉంది, భవనం ఎదురుగా ఉంది, తేడా కనబడింది. ఏం చేస్తారు? కూల్చేయవచ్చు. ప్లానునే దిద్ది భవనానికి సరిపెట్టవచ్చు. లేదా చూసీ చూడనట్టు వెళ్ళిపోవచ్చు. నాలుగో దారి ఉంటే చెప్పండి. నాలుగోది మామూలు తీసుకోవడం అని ఎవరో అంటున్నారు. అది మూడోదానిలోకే వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిగ్గా ఈ మూడు దారులే. తేడాను కనిపెట్టడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, కనిపెట్టడం ఇందులో సగం పని కూడా కాదు. కనిపెట్టాక కూల్చాలా, ప్లాను దిద్దాలా అని తేల్చడం దగ్గరే మనం తొందరపడతాం. నేనూ పడ్డాను. ఆ సంగతి కాసేపయ్యాక.

ఏదైనా ఒక సాఫ్ట్‌వేర్ భాగాన్ని, సర్వర్ అనుకోండి, డేటాబేస్ అనుకోండి, నడిపించే ముందు అది ఎలా ఉండాలో ఒకచోట రాసుకుంటాం. ఎంత మెమరీ, ఏ పోర్టు, ఎన్ని కనెక్షన్లు, ఏ వెర్షన్, ఎవరికి ప్రవేశం. ఈ రాతే మోడల్. అది సర్వర్లను రాతను బట్టి నిలబెట్టే టెర్రాఫామ్ ఫైలు కావచ్చు, ప్రోగ్రాంలను చాలా యంత్రాల మీద నడిపించే కుబర్నెటిస్ ఫైలు కావచ్చు, కొన్ని చోట్ల ఎక్సెల్ షీటు కావచ్చు. ఎక్సెల్ అనగానే ఇద్దరు ముఖాలు చూసుకున్నారు, మీ దగ్గర ఇంకా ఉందన్నమాట. ఆ రాత ప్రకారం నిలబెట్టిన రోజున రెండూ ఒకటే. మర్నాటి నుంచి కొద్దికొద్దిగా దూరం జరుగుతాయి. దీన్నే డ్రిఫ్ట్ అంటున్నాం.

ఎందుకు జరుగుతాయి? రాత్రి రెండు గంటలకు ఒకరు నేరుగా సర్వర్లోకి వెళ్ళి ఒక అంకె మారుస్తారు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడున్న అందరూ చేసినవాళ్ళే. ఒక్కోసారి మనిషి చెయ్యి పడకుండానే జరుగుతుంది. ఆపరేటింగ్ సిస్టంకు అప్‌డేట్ వచ్చి మన ఫైలును తన ఫైలుతో మార్చేస్తుంది. ఇంకో రకం ఉంది. యంత్రం ఉన్నచోటే ఉంటుంది, మోడలే ముందుకు వెళ్ళిపోతుంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్తది చేరుతుంది, ఒకటి పాతదానితోనే మిగిలిపోతుంది. ఆ ఎనిమిదో సర్వర్ కథ మీలో చాలామందికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా ఇంకొకసారి వినండి, ఎందుకంటే దాని చివరి భాగాన్ని చాలామంది వదిలేస్తారు.

2012 ఆగస్టు 1. అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల లావాదేవీల సంస్థ. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో ఆ రోజు ఒక కొత్త పథకం మొదలవుతోంది, దానికోసం తమ ఆర్డర్లు పంపే ప్రోగ్రాంలో కొత్త కోడ్ పెట్టారు. సర్వర్లు ఎనిమిది. కోడ్ ఎక్కించిన ఉద్యోగి ఏడింటికి ఎక్కించి, ఒకదాన్ని మరిచిపోయాడు. ఇంకొకరు సరిచూడాలన్న నియమం రాసి పెట్టుకోలేదు. ఆ ఎనిమిదో దానిలో పవర్ పెగ్ అనే పాత కోడ్ ఉంది. 2003లోనే వాడకం ఆపేశారు, కానీ తీసేయలేదు. కొత్త కోడ్‌ను మేల్కొలపడానికి ఒక ఫ్లాగ్, అంటే మీట లాంటి గుర్తు, కావాలి కదా, కొత్తది పెట్టకుండా ఒకప్పుడు పవర్ పెగ్‌కు వాడిన ఫ్లాగ్‌నే తీసుకున్నారు. ఏడు సర్వర్లలో ఆ ఫ్లాగ్ కొత్త కోడ్‌ను లేపింది. ఎనిమిదో దానిలో తొమ్మిదేళ్ళుగా పడుకున్నవాణ్ణి లేపింది.

మార్కెట్ తెరిచాక 45 నిమిషాలు. ఖాతాదారుల నుంచి వచ్చిన 212 ఆర్డర్లకు అది 40 లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. 154 కంపెనీల షేర్లు. నష్టం 46 కోట్ల డాలర్లకు పైగా. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టం 97 ఈమెయిళ్ళు పంపింది, పవర్ పెగ్ పేరు పెట్టి మరీ. ఎవరూ వాటిని హెచ్చరికలుగా చదవలేదు. మరుసటి ఏడాది అక్కడి నియంత్రణ సంస్థ, మన సెబీ లాంటిది, కోటీ 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఈ లెక్కలన్నీ వాళ్ళ ఉత్తర్వులో ఉన్నవే.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. చివరి భాగం ఇది. ఆ 45 నిమిషాల్లో వాళ్ళు ఊరికే కూర్చోలేదు. కొత్త కోడ్ వల్లే గొడవ అనుకుని, దాన్ని ఏడు సర్వర్ల నుంచి తీసేశారు. సరిగా ఉన్న ఏడింటి నుంచి! దాంతో ఆ ఏడింటిలోనూ పాత పవర్ పెగ్ లేచింది. ఒక సర్వర్ చేస్తున్న పని ఎనిమిదీ చేయడం మొదలుపెట్టాయి. ఏదో మారిందని తెలుసు, కానీ రెండింటిలో ఏది సరైనదో తెలియదు. తెలియకుండానే చేతులు పనిచేశాయి. నేను సగం పని కూడా కాదు అన్నది ఇందుకే.

సరే, ఇప్పుడు కనిపెట్టడం. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో, సైబర్ టవర్స్ కొత్తగా కట్టిన రోజుల్లో, సర్వర్లకు మనుషులకు పెట్టినట్టు పేర్లు పెట్టేవాళ్ళం. మా దగ్గర కృష్ణ, గోదావరి, మంజీర ఉండేవి. మంజీర అంటే అందరికీ భయం. దాన్ని ఎవరు ఎప్పుడు ఎలా అమర్చారో ఎవరికీ తెలియదు, నడుస్తోంది కాబట్టి ముట్టుకోవద్దు. ఇలాంటివాటికి సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2012లో మంచుపూల సర్వర్లు అని పేరు పెట్టాడు, ఒకదానిలా ఇంకొకటి ఉండదని. మనకు మంచు కురవదు కాబట్టి నేను అమ్మమ్మ ఆవకాయ సర్వర్లు అంటాను. కొలత చేతిలో ఉంటుంది, కాగితం మీద ఉండదు.

తేడా పట్టే పనిముట్లు మొదట భద్రత కోసం వచ్చాయి. 1992లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, జీన్ స్పాఫర్డ్ ట్రిప్‌వైర్ తయారుచేశారు. ప్రతి ఫైలుకూ ఒక హ్యాష్, అంటే లోపలున్నదాన్ని బట్టి లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది, తీసి దాచుకుని, రేపు మళ్ళీ తీసి పోల్చడం. మరుసటి ఏడాదే ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ మొదలుపెట్టాడు. అది పోల్చడంతో ఆగకుండా, రాసినట్టు లేకపోతే సరిచేస్తుంది కూడా. ఆ తర్వాత వచ్చిన పప్పెట్, షెఫ్ లాంటి పనిముట్లన్నీ ఆ దారిలోవే.

హ్యాష్ మంచిదే. కానీ అది లక్క ముద్ర లాంటిది. పగిలిందని చెబుతుంది, లోపల ఏం పోయిందో చెప్పదు. ఫైలు చివర ఒక ఖాళీ పెరిగినా అరుస్తుంది, పాస్‌వర్డు మారినా అంతే గట్టిగా అరుస్తుంది. అందుకని లోపలికి వెళ్ళి ఒక్కో అమరికనూ విడివిడిగా పోల్చాలి. అక్కడ మొదలవుతుంది అసలు చికాకు.

కుబర్నెటిస్ వాడేవాళ్ళు ఎంతమంది? సగానికి పైనే. మీరు ఒక చిన్న ఫైలు రాస్తారు, ఇరవై వరుసలు. దాన్ని నిలబెట్టి, ఇప్పుడు నడుస్తున్నది చూపించు అని అడగండి. నాలుగైదింతల పొడవుతో వస్తుంది. మీరు రాయనివన్నీ తన డిఫాల్టులతో, అంటే ఎవరూ చెప్పకపోతే తానే వేసుకునే విలువలతో, నింపుకుంటుంది. పాడ్‌ను, అంటే అది నడిపే ప్రోగ్రాం నకలును, ఆపేటప్పుడు ఎంతసేపు ఆగాలి అన్నది మీరు రాయలేదు, అక్కడ 30 సెకన్లు అని ఉంటుంది. ఇది తేడాయా? మోడల్లో లేదు, యంత్రంలో ఉంది. అయినా తప్పేమీ లేదు. మీరు మెమరీ 1024 మెబీబైట్లు అని రాస్తారు, ఇంకొకరు 1 గిబీబైట్ అని రాస్తారు. అక్షరాలు వేరు, సరుకు ఒకటే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటి చెబుతాను. ఒక ఫైలుకు అనుమతులు 0644 అని రాస్తాం, యజమాని రాయవచ్చు, మిగతావాళ్ళు చదవవచ్చు అని. అది కుబర్నెటిస్‌లో నడుస్తున్నచోట చూస్తే 420 అని కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా టీములో ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, సార్, ఎవరో మనల్ని మోసం చేశారు అని. మన దేశంలో 420 అంటే ఒకటే అర్థం కదా, ఆ సెక్షను నంబరు 2024లో మారినా మాట పోలేదు. ఇక్కడ మాత్రం మోసమేమీ లేదు. 644 అనేది ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టే అంకె. ఆరు అరవై నాలుగులు 384, నాలుగు ఎనిమిదులు 32, పైన 4. కలిపితే 420. ఒకే అంకెకు రెండు వేషాలు.

కాబట్టి పోల్చే ముందు రెండు వైపులనూ ఒకే వేషంలోకి తేవాలి. కొలతలు ఒకటి చేయాలి, డిఫాల్టులు నింపాలి, వరుస మారినా పట్టించుకోని చోట వరుస సరిచేయాలి, వ్యాఖ్యలు, అంటే మనుషుల కోసం ఫైలులో రాసుకునే, యంత్రం పట్టించుకోని మాటలు, తీసేయాలి. వ్యాఖ్యలు తీసేయాలి అన్నాను, గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ పని చేయకపోతే మొదటి రోజే రెండు వేల తేడాలు వస్తాయి, మూడో రోజు నుంచి ఎవరూ చూడరు. ఆ 97 ఈమెయిళ్ళలాగే.

ఇంకో రెండు గుంతలు చూపిస్తాను. ఒకటి, ఫైలు చూసి యంత్రాన్ని చూశాననుకోవడం. ఫైలులో కొత్త అంకె ఉంది, మోడల్లోనూ అదే ఉంది, పచ్చరంగు టిక్కు పడింది. కానీ ప్రోగ్రాం మొదలైనప్పుడు చదువుకున్న పాత అంకెతోనే నడుస్తోంది, ఎవరూ దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టలేదు. గోడ మీద కొత్త క్యాలెండర్ వేలాడదీసి పాత తారీఖుల ప్రకారం బతికినట్టు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఈ విషయంలో మర్యాదస్తురాలు. మార్పు రాశారు, కానీ మళ్ళీ మొదలుపెడితేగానీ అమలు కాదు అని చెప్పడానికి తన అమరికల పట్టికలో ఒక ప్రత్యేకమైన గడి పెట్టుకుంది. మిగతావి చాలా వరకు చెప్పవు. వీలైనచోట ఫైలును కాదు, నడుస్తున్న ప్రోగ్రాంనే అడగండి.

రెండోది, మోడల్లో అసలు ప్రస్తావనే లేనివి. ప్లాను తీసుకుని భవనంలో ప్రతి గదీ కొలిచారు, అన్నీ సరిపోయాయి. వెనక ఒక బోరు వేశారు. ప్లానులో బోరు గురించి మాటే లేదు కాబట్టి మీ జాబితాలోకి రాదు. టెంప్లేట్ అనే రాతను బట్టి అమెజాన్ క్లౌడ్‌లో సర్వర్లు నిలబెట్టే క్లౌడ్‌ఫార్మేషన్ 2011లో వచ్చింది, అందులో డ్రిఫ్ట్ చూపించే సదుపాయం 2018 నవంబరులో వచ్చింది. అది కూడా మీరు టెంప్లేట్‌లో పేరుపెట్టి రాసిన లక్షణాలనే పోలుస్తుంది. రాయనివాటిని పోల్చదు. పక్కన ఎవరో చేత్తో సృష్టించిన సర్వర్ దానికి కనిపించదు. టెర్రాఫామ్ కూడా తన లెక్కల్లో లేనిదాన్ని వెతకదు. నెల చివర బిల్లులో మాత్రం కనబడుతుంది.

మన దగ్గర ఈ మధ్య ఇంకొక రకం పోలిక ఎక్కువైంది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటాసెంటర్ల గుంపు, తెరిచాక, ముంబైలో నడిపేదానికి ఇక్కడ ఒక నకలు పెట్టుకుంటున్నారు. అప్పుడు మోడల్‌కూ యంత్రానికీ మధ్యే కాదు, నకలుకూ నకలుకూ మధ్య కూడా పోల్చాలి. అందులో చిరునామాలు వేరుగా ఉండాల్సిందే. ఉండాల్సిన తేడాలను ముందే రాసి పెట్టుకుంటే మిగిలినవి బయటపడతాయి.

ఇప్పుడు అసలు ముడి. మోడల్లో 20 అని ఉంది, యంత్రంలో 15 అని ఉంది. ఎవరు కదిలారు? చెప్పండి. యంత్రం కదిలిందని వెనక తమ్ముడు అంటున్నాడు. ఎలా తెలుసు బాబూ? మోడల్లో నిన్నటిదాకా 15 ఉండి, ఈ ఉదయం ఎవరో 20 చేసి ఉండవచ్చు కదా? అప్పుడు యంత్రం కదలలేదు, మోడలే కదిలింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఇది తేలదు. తేలదు.

పల్లెల్లో పొలం గట్టు తగాదాలు చూసే ఉంటారు. ఇద్దరు రైతులు, నా గట్టు ఇక్కడిదాకా అని ఒకరు, కాదు అక్కడిదాకా అని ఒకరు. సర్వేయరు వస్తాడు. వచ్చి ఇద్దరి మాటా పక్కన పెట్టి, పాత కొలతల టిప్పన్ తీస్తాడు, పాతిన రాయి వెతుకుతాడు. మొదట ఎక్కడ ఒప్పుకున్నారు? అది మూడో సాక్ష్యం. అది దొరికితే గట్టు ఎవరు జరిపారో తెలుస్తుంది.

మనకూ ఆ మూడోది కావాలి. చివరిసారి రెండూ ఒకటిగా ఉన్నప్పుడు విలువ ఎంత? 20 అయితే యంత్రం కదిలింది. 15 అయితే మోడల్ కదిలింది, యంత్రానికి ఇంకా చేరలేదు. 10 అయితే? రెండూ కదిలాయి, ఒకదానికి తెలియకుండా ఒకటి. అప్పుడు మనిషి కూర్చోవాలి. టెర్రాఫామ్ చివరిసారి చూసిన స్థితిని స్టేట్ ఫైలు అని దాచుకునేది ఇందుకే. కుబర్నెటిస్‌లో చివరిసారి మీరు ఇచ్చిన రాతను ఆ వస్తువు మీదే అతికించి ఉంచేది ఇందుకే. ఈ మధ్య అది ఇంకో అడుగు వేసి, ప్రతి గడికీ దాన్ని చివర రాసింది ఎవరో పేరు కూడా రాసుకుంటోంది.

పేరు ఎందుకంటే, గొడవ ఎప్పుడూ మనిషికీ యంత్రానికీ మధ్యే ఉండదు. మోడల్లో మూడు నకళ్ళు నడపాలని రాశారు. రద్దీ పెరిగింది, ఆటోస్కేలర్ వచ్చి ఎనిమిది చేసింది. దాని పని అదే. తేడా పట్టే పనిముట్టు వచ్చి, అయ్యో ఎనిమిది ఉన్నాయి అని మూడు చేసింది. అది మళ్ళీ ఎనిమిది. ఇది మళ్ళీ మూడు. ఒకే గదిలో ఒకరు ఫ్యాన్ పెంచడం, ఇంకొకరు తగ్గించడం. ఆ గది ఎవరిదో ముందే తేల్చి, నకళ్ళ సంఖ్య మోడల్లోనుంచి తీసేయాలి.

ఇప్పుడు నా కథ. సంస్థ పేరు చెప్పను, బస్సు టికెట్లు అమ్మే సంస్థ అంటే చాలు. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ రద్దీ కోసం నాలుగు సర్వర్లను ఆరు చేశాం. మోడల్లో కూడా ఆరు అని దిద్దాం, పద్ధతి ప్రకారమే. ఒక్కో సర్వర్ డేటాబేస్‌తో ఇరవై కనెక్షన్ల వరకు పెట్టుకోవచ్చు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. దాని డిఫాల్ట్ పరిమితి 100 కనెక్షన్లు, అందులో మూడు నిర్వాహకుల కోసం అట్టిపెడుతుంది. మిగిలేవి 97. నాలుగు ఇరవైలు ఎనభై, ఇన్నాళ్ళూ బాగానే నడిచింది. ఆరు ఇరవైలు?

నూట ఇరవై. ఎవరూ హెచ్చవేయలేదు. భోగి ముందు రాత్రి టికెట్లు తెగిపోతున్న సమయంలో డేటాబేస్ తలుపు మూసేసింది. మిగిలిన చోట్లు పెద్దలకోసం అట్టిపెట్టినవి అని దాని జవాబు, ఆర్టీసీ బస్సులో సీటు మీద రాసినట్టు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రవాడు చురుకైనవాడు. పది నిమిషాల్లో పట్టుకున్నాడు. డేటాబేస్ పరిమితి పెంచాలంటే దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, ఆ రద్దీలో కుదరదు. అందుకని ఆరు సర్వర్లలోకీ వెళ్ళి 20ని 15 చేశాడు. ఆరు పదిహేనులు తొంభై. సరిపోయింది. జనం ఊళ్ళకు వెళ్ళారు, పండగ అయిపోయింది. అదనపు సర్వర్లు తీసేస్తాం అనుకున్నాం, తీయలేదు. మోడల్లో 20 అలాగే ఉండిపోయింది. ఫిబ్రవరిలో అతనికి ఇంకోచోట మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు.

మార్చిలో నేను వచ్చాను, తేడాలు పట్టే పనిముట్టు తీసుకుని, చాలా గర్వంగా. మొదటి నివేదికలోనే వచ్చింది. ఆరు సర్వర్లు, ఆరింటిలోనూ మోడల్లో 20, అక్కడ 15. నేను ఏమనుకున్నాను? ఎవరో అనుమతి లేకుండా చెయ్యి పెట్టారు అనుకున్నాను. దానంతటదే సరిచేసే మీట ఉంది, నొక్కాను. ఆరూ 20 అయ్యాయి. నివేదిక అంతా పచ్చగా మారింది. దాన్ని మీటింగులో చూపించాను కూడా.

ఉగాది ముందురోజు సాయంత్రం మళ్ళీ అదే సందేశం. చోట్లు పెద్దలకోసం. ఈసారి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నలభై నిమిషాలు టికెట్ అమ్మకం ఆగింది. చివరికి ఆ కుర్రవాడికి ఫోన్ చేశాను. అడగ్గానే చెప్పాడు. అయ్యో, ఫైలులో రాశాను కదా సార్ అన్నాడు.

రాశాడు. నిజంగానే రాశాడు. పాత బ్యాకప్ తీసి చూస్తే, ఆ అంకె పక్కనే వ్యాఖ్య ఉంది. ఆరు సర్వర్లు ఇంటూ ఇరవై, డేటాబేస్‌కు ఎక్కువ, అందుకే తగ్గించాను, సంక్రాంతి తర్వాత మాట్లాడాలి అని. నా పనిముట్టు పోల్చే ముందు వ్యాఖ్యలు తీసేసింది. అది చెత్త అని దానికి చెప్పింది నేనే. సరిచేసేటప్పుడు మోడల్ ఫైలును తెచ్చి పైన పెట్టింది కాబట్టి సర్వర్లలో కూడా ఆ వ్యాఖ్య పోయింది. అంకెనూ, దాని కారణాన్నీ ఒకే దెబ్బకు తుడిచేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. విడిగా చూస్తే ఏది తప్పు? ఆరు సర్వర్లు అన్నది సరైనదే. ఇరవై కనెక్షన్లు అన్నది నాలుగు సర్వర్ల కాలంలో సరైనదే. వంద అన్నదీ సరైనదే. మూడూ మూడు వేర్వేరు ఫైళ్ళలో ఉన్నాయి. గడికీ గడికీ పోల్చే పనిముట్టుకు హెచ్చవేత తెలియదు. ఇంకొకటి. తేడా ఎలా పరుచుకుంది అన్నది నేను చూడలేదు. ఎనిమిదింటిలో ఒకటే వేరుగా ఉంటే, అది ఎవరో మరిచిపోయిన సర్వర్ కావచ్చు, నైట్ క్యాపిటల్‌లో అదే. ఆరింటికి ఆరూ ఒకే అంకెతో ఒకేలా తప్పుతాయా? పొరపాటు ఆరుసార్లు అచ్చు ఒకేలా జరగదు. అది ఎవరో ఆలోచించి చేసిన పని. ఆ ఆరు వరుసలు నాకు ఆ మాట చెబుతూనే ఉన్నాయి, నేను మీట వెతుక్కుంటున్నాను.

అందుకని ఇప్పుడు ఏం చేస్తున్నాను? దానంతటదే సరిచేయడం కొన్నింటికే ఉంచాను. ఫైర్‌వాల్‌లో ఎవరో తెరిచిన పోర్టు, పెరిగిన అనుమతులు, ఇలాంటివి ముందు మూసి తర్వాత అడుగుతాం. పనితీరుకు సంబంధించిన అంకెలను మాత్రం ముట్టుకోం, మార్చినవారిని వెతుకుతాం. కుబర్నెటిస్‌లో నడుస్తున్నదాన్ని మోడల్‌తో పోల్చే ఆర్గో సీడీ లాంటి పనిముట్టులో కూడా దానంతటదే సరిచేసే సదుపాయం డిఫాల్టుగా ఆపి ఉంటుంది, కావాలంటే మనమే తెరవాలి. తయారుచేసినవాళ్ళు ఏదో చూసే ఉంటారు. పట్టించుకోనవసరం లేదు అని పక్కన పెట్టే ప్రతి తేడాకూ ఒక గడువు తేదీ, ఒక పేరు పెడుతున్నాం. గడువు దాటితే మళ్ళీ నివేదికలోకి వస్తుంది. పోల్చేటప్పుడు వ్యాఖ్యలు ఇప్పటికీ తీసేస్తాం, తీయక తప్పదు. కానీ తేడా వచ్చిన వరుస పక్కన వ్యాఖ్య ఉంటే నివేదికలో దాన్ని కూడా అచ్చు వేస్తాం. చిన్న పని, రెండు రోజులు పట్టింది. డేటాబేస్ కనెక్షన్ల హెచ్చవేతకు విడిగా ఒక తనిఖీ రాశాం. ఇలాంటి హెచ్చవేతలు ఇంకెన్ని ఉన్నాయో వెతుకుతున్నాం, ఇప్పటికి నాలుగు దొరికాయి.

ప్రశ్నలుంటే అడగండి.

ఎంత తరచుగా చూడాలి అని అడుగుతున్నారు. రోజుకు ఒకసారి పూర్తిగా, భద్రతకు సంబంధించినవి నిమిషాల్లో. కానీ కొత్తది ఎక్కించడానికి సరిగ్గా ముందు ఒకసారి తప్పకుండా చూడండి. పాత తేడా మీద కొత్త మార్పు పడితే ఏది దేనివల్ల విరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఆ చివర అమ్మాయి. అవును, మంచి ప్రశ్న. సర్వర్లను అసలు ముట్టుకోకుండా, మార్పు కావాలంటే పాతది పారేసి కొత్తది నిలబెడితే డ్రిఫ్టే ఉండదు కదా అంటున్నారు. చాలా వరకు నిజం. నేనూ అలాగే చేయమంటాను. కానీ డేటాబేస్‌ను పారేయలేరు కదమ్మా. అనుమతులు, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్, రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, ఇవీ రోజూ పారేసేవి కావు. పైగా కొత్తదాన్ని నిలబెట్టడానికి వాడే అచ్చు ఉంటుంది, ఇమేజ్ అంటాం, దాని పేరు చివర లేటెస్ట్ అని రాస్తారు. సోమవారం నిలబెట్టిన లేటెస్ట్, గురువారం నిలబెట్టిన లేటెస్ట్ ఒకటి కాకపోవచ్చు. పేరు పోల్చితే రెండూ సమానమే అంటుంది. పేరు కాకుండా డైజెస్ట్, అంటే ఆ ఇమేజ్ హ్యాష్, పోల్చండి. అరవై నాలుగు అక్షరాలు, నోరు తిరగదు, కానీ లోపలి సరుకు మారితే అదీ మారుతుంది.

ఇంకొకటి? మంజీర ఏమైందా? దాన్ని ఆపేశారా అని అడుగుతున్నారు. ఆపేశాం. ఆపే ముందు అందులో ఏమేమి నడుస్తున్నాయో ఇద్దరం నెల రోజులు కూర్చుని పదకొండు పేజీలు రాశాం. ఒక్కొక్కటిగా వేరేచోటికి మార్చాం. ఆపిన మూడో రోజు జీతాల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ ప్రింటర్ పనిచేయడం లేదట. అది పన్నెండో పేజీ.